తొమ్మిది మార్కుల అత్తగారు

కిందటి వారం కోడల్ని గది గుమ్మంలో నిలబెట్టి వెళ్ళిపోయాం. చేతుల నిండా ఆరిన తువ్వాళ్ళు. ఎదురుగా కంప్యూటరు. దాని ముందున్న కుర్చీ ఖాళీగానే ఉంది గానీ, ఎవరో ఇప్పుడే లేచి వెళ్ళినట్టు ఇంకా మెల్లగా తిరుగుతోంది. కీబోర్డు పక్కన అత్తగారి కళ్ళజోడు.

ఆ కళ్ళజోడు అక్కడ ఎందుకు ఉండకూడదో కొత్తగా చదువుతున్నవాళ్ళకి చెప్పాలి. కోడలు పొద్దున పూట పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో పనిచేస్తుంది. గోడ అవతల మిషను గుయ్యిమంటూంటే గోడ ఇవతల కూర్చున్నవాళ్ళకి ఏం భయం లేదని చెప్పడం ఆమె ఉద్యోగం. మధ్యాహ్నం ఇంటికొచ్చి, వాషింగ్ మెషీన్ ఉన్న ఇరుకు గదిలో కంప్యూటరు ఆటలు ఆడి, వాటి మీద ఒక వారపత్రికకి సమీక్షలు రాస్తుంది. ఈసారి ఆమెకి అప్పగించింది 'పక్కిల్లు' అనే ఆటకి కొత్తగా వచ్చిన ప్యాక్. 'పక్కిల్లు'లో గెలుపూ ఓటమీ ఉండవు. తెర మీద ఒక ఇల్లు కట్టుకోవాలి, అందులో మనుషుల్ని పెట్టాలి, వాళ్ళ ఉద్యోగాలూ స్నేహాలూ అలకలూ చూసుకుంటూ పోవాలి. ఇంతకాలం ఆ ఇళ్ళలో కుర్రవాళ్ళే ఉండేవారు. 'పెద్దతరం' అనే ఈ ప్యాక్ కొనుక్కుంటే అత్తమామలూ తాతలూ అమ్మమ్మలూ కూడా వచ్చి చేరతారు. పత్రిక చదివేవాళ్ళకి తెలియాల్సింది ఒక్కటే. ఒకసారి ఆడాక మళ్ళీ ఆడాలనిపిస్తుందా, లేక నాలుగు రోజులకే మూలపడేస్తామా?

ఈ సమీక్ష బాగుంటే ఆటల పేజీ మొత్తం నీకే ఇస్తానని సంపాదకురాలు కోడలికి మాటిచ్చింది. పేజీ చేతికొస్తే పళ్ళ డాక్టరుకి నమస్కారం పెట్టేయొచ్చు.

పాఠకులు కోడలి మాట నమ్మడానికి ఆమె పని చేసే తీరు ఒక కారణం. ఇలాంటి ఆట ఏది వచ్చినా అందులో తన ఇంటివాళ్ళనే పెడుతుంది. తనూ, భర్తా, అత్తగారూ, మామగారూ. కాసేపు ఆడించి, ఆ తర్వాత ఆటని నడుస్తూ ఉండగానే వదిలేసి ఉద్యోగానికి వెళ్ళిపోతుంది. ఎవరూ పట్టించుకోనప్పుడు ఆ మనుషులు ఏం చేస్తారో అదే ఆట అసలు సత్తా అని ఆమె నమ్మకం. దానికి 'వదిలి చూడటం' అని పేరు కూడా పెట్టింది.

'పెద్దతరం' మొదట్లో ఆమెని ఉసూరుమనిపించింది. ఇల్లు మార్చినా, ఊరు మార్చినా, తెర మీది అత్తగారు కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని పిట్టల్ని చూసేది. నాలుగు మార్కులు వేసి వదిలేద్దామనుకుంటూ ఉండగా, ఒకరోజు క్లినిక్కు నుంచి వచ్చి చూసేసరికి ముసలావిడ కుర్చీలో లేదు. వీధి మలుపులో కొట్టు తీసి, పాత కుర్చీలకి కొత్త కవర్లు కుడుతోంది. ఆ మర్నాడు పోస్ట్‌మాన్‌తో పోట్లాడింది. ఆ తర్వాత చూస్తే తెర మీది మామగారు వంటింట్లో నిలబడి నిద్రపోతున్నాడు. కోడలి ఆనందానికి హద్దుల్లేవు. పదికి తొమ్మిది వేసింది. "మనం చూడనప్పుడే ఈ పెద్దవాళ్ళు బతుకుతారు" అని రాసి, ఈ మధ్యాహ్నమే పంపించేసింది.

పంపించి, మేడ మీదికి వెళ్ళి తువ్వాళ్ళు తీసుకుని దిగింది. గుమ్మంలో ఆగిపోయింది. ఇప్పుడు మనం కూడా ఆమెతో బాటు వంటింట్లోకి వెళ్దాం.

అత్తగారు బల్ల దగ్గర కూర్చుని బఠాణీలు ఒలుస్తోంది. ఎంత శ్రద్ధగా ఒలుస్తోందంటే, కోడలు లోపలికి వచ్చినా తలెత్తలేదు. కాకపోతే గింజలు చెత్తబుట్టలోకీ తొక్కలు గిన్నెలోకీ వెళ్తున్నాయి.

కోడలు కళ్ళజోడు తీసుకొచ్చి బల్ల మీద పెట్టింది.

అత్తగారు దాన్ని అందుకుని, కొంగుతో తుడిచి, పెట్టుకుని, గిన్నెలోకి చూసింది. తొక్కలు ఏరి బయట పడేయడం మొదలుపెట్టింది.

"దుమ్ము తుడవడానికి వెళ్ళాను" అంది కాసేపటికి.

"దుమ్ము తుడుస్తూ కుర్చీలో కూర్చున్నారా అత్తయ్యా?"

"మోకాళ్ళ నొప్పి."

ఇన్నేళ్ళ కాపురంలో కోడలు అత్తగారి మీద గొంతు పెంచింది లేదు, ఇప్పుడు కూడా పెంచలేదు. ఎన్నాళ్ళ నుంచి అని మాత్రం అడిగింది. అత్తగారు బఠాణీలకేసే చూస్తూ, ఎన్నాళ్ళని ఏం చెప్తాం, నువ్వు పళ్ళవాడి దగ్గరికి వెళ్ళాక ఇంట్లో ఏం తోస్తుంది, మీ మామగారు పేపరు పట్టుకుంటే మనిషి కాదు గదా అని నసిగింది. కోడలు ఎదురు కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆ కుర్చీకి నున్నటి ఆకుపచ్చ రెక్సిన్ కవరు. పోయిన నెల నీలం, అంతకుముందు ఎరుపు. అత్తగారు బస్సు డిపో షెడ్డులో సీట్ల కవర్లు కుట్టి రిటైరైన మనిషి. దబ్బనం చేత పట్టని రోజున ఆవిడకి అన్నం సయించదు. ఇంట్లో కూర్చునే వీలున్న ప్రతి వస్తువుకీ ఇప్పటికి నాలుగేసి సార్లు బట్టలు మార్చింది. కొట్టు తీసి కుర్చీలకి కవర్లు కుట్టే ముసలావిడని చూసి కూడా తనకి అనుమానం రాలేదంటే తన కళ్ళజోడే మార్చుకోవాలి అనుకుంది కోడలు. ఆట ఎంత తెలివైనదో, తను పెట్టిన మనిషి స్వభావాన్ని ఎలా పట్టేసిందో అని మురిసిపోయి, దాని మీద ఒక పేరా కూడా రాసింది.

దొరికిపోయిన మనిషి తలొంచుకుంటుందని మీరనుకుంటే అత్తగార్ని మీరింకా సరిగ్గా ఎరగరు. తొక్కలు ఏరడం అయిపోగానే ఆవిడే ఎదురు తిరిగింది.

"అది సరే గానీ, నన్నెందుకు అలా కూర్చోబెట్టావ్?"

"అది మీరు కాదత్తయ్యా. ఆటలో బొమ్మ."

"ముడి నాది. ముక్కు మీదికి జారిన కళ్ళజోడు నాది. మీ మామగారు మాట్లాడుతుంటే పెదవి విరిచేది నేను. ఇంక బొమ్మదేం ఉందమ్మా అందులో?"

కోడలు నిజం ఒప్పుకోక తప్పలేదు. ఆటలో ఒక్కో మనిషికీ మూడు గుణాలు ఎంచి పెట్టాలి. అత్తగారికి ఏం పెట్టావని ఆవిడ నిలదీస్తే, శుభ్రత, మొండితనం అని చెప్పి ఆగిపోయింది. మూడోది నేను చూశానులే అంది అత్తగారు. మూడోది 'కుర్చీ ప్రియురాలు.'

"ముప్పయ్యేళ్ళు కుర్చీలకి కవర్లు కుట్టాను. కూర్చోవడానికి కుట్టానా?"

మొదటిసారి తను ఆ గదిలోకి వెళ్ళింది నిజంగా కరెంటు దండగని కట్టేయడానికేనని అత్తగారు చెప్పుకొచ్చింది. ఏ మీట నొక్కితే ఆగుతుందో తెలియక అక్కడే నిలబడి చూసింది. తెర మీది ముసలావిడ కిటికీలోంచి పిట్టల్ని చూస్తోంది. వంట చేసి వచ్చాక చూసినా అక్కడే. బట్టలు మడతపెట్టి వచ్చి చూసినా అక్కడే. పొద్దుగూకేదాకా మనిషన్నది అలా కూర్చుంటుందా, ఒళ్ళు మండి ఆవిడ మీద వేలితో పొడిచాను, ఏమీ కాలేదు, ఆ ఎలకలాంటిది జరిపి నొక్కితే ఏం చేయమంటారని అడిగింది అని చెప్పేటప్పుడు అత్తగారి ముఖంలో వెలుగు చూసి కోడలికి కోపం నిలవలేదు. భయం మాత్రం నిలిచింది. పత్రికకి వెళ్ళిన ఆ తొమ్మిది మార్కులు ఎవరివి? ఆటవా, అత్తగారివా?

తేల్చుకోవాలంటే ఒకటే దారి. అత్తగారి చెయ్యి పట్టుకుని ఆ ఇరుకు గదిలోకి తీసుకెళ్ళి, కుర్చీలో కూర్చోబెట్టి, తను వాషింగ్ మెషీన్ మీద ఎక్కి కూర్చుంది. పంపించిన సమీక్ష తెరిచి ఒక్కో వాక్యం చదువుతూ ఇది మీరా, ఆటా అని అడగడం మొదలుపెట్టింది.

కొట్టు తెరవడం అత్తగారే. పోస్ట్‌మాన్‌తో పోట్లాట కూడా ఆవిడే. పార్శిల్ బురదలో పడేశాడట, ఊరుకుంటే నెత్తికెక్కుతాడట. కొట్టుకి పసుపు రంగు వేయడం, పక్కింటివాళ్ళ సోఫా అడక్కుండానే తీసుకొచ్చి కవరు మార్చేయడం, అన్నీ ఆవిడే. చదివిన ప్రతి వాక్యానికీ అత్తగారు తలాడిస్తుంటే కోడలి గొంతు అంతకంతకీ పల్చబడిపోయింది.

"నిలబడి నిద్రపోవడమో?" అంది చివరికి. ఆ వాక్యం మీద ఆమెకి ఎంతో ఆశ ఉంది. వృద్ధ దాంపత్యం మీద ఇంత సున్నితమైన వ్యాఖ్య ఏ ఆటలోనూ చూడలేదని రాసింది.

"అదా" అంది అత్తగారు. "కొట్లో అరలు పెట్టడానికి జాగా చాల్లేదు. సామాన్లు అక్కడ పెడదామని మీ మామగారి మంచం తీసేశాను. మళ్ళీ వేయడం మర్చిపోయాను."

సరిగ్గా ఆ మాట దగ్గరే మామగారు టీ కప్పుతో గుమ్మంలోకి వచ్చాడు. లిఫ్టులు బాగుచేసి రిటైరైన మనిషి. ఎక్కడ ఏ తలుపు మధ్యలో ఇరుక్కుంటే అక్కడ ప్రత్యక్షమవడం ఆయనకి అలవాటు. తెర మీద వంటింటి మధ్యలో తల వాల్చి నిలబడి ఉన్న ఒక బట్టతల ఆసామిని చూసి, ఎవడీ దిక్కులేనివాడు అన్నాడు. కోడలు జవాబు చెప్పడానికి ఇబ్బంది పడుతుంటే, ఆయనే చొక్కా గుర్తుపట్టాడు.

"నా మంచం తీసేశావా?"

"ఆటలోనేనండీ."

"ఆటలో ఎన్ని రోజులై నిలబడి ఉన్నాను?"

అత్తగారు నొక్కి ఒక మంచం తెచ్చి వేసింది. బట్టతల ఆసామి అది పూర్తిగా నేల మీద ఆనకముందే ఎక్కి బోర్లా పడిపోయాడు. మామగారు చూస్తూ, పాపం, అన్నాడు. తన మీద తనకే జాలి వేసినప్పుడు మనిషి గొంతు ఎలా ఉంటుందో అలా ఉంది.

మరి పిల్లి సంగతేమిటని అడిగింది కోడలు. సమీక్షలో ఎక్కడో సగం వాక్యం, కొట్టు మెట్ల మీద ఒక చారల పిల్లి వచ్చి పడుకుంటుంది అని. పిల్లి సంగతి నాకు తెలియదు, అది దానంతటదే వచ్చింది అంది అత్తగారు. తొమ్మిది మార్కుల్లో ఆట సంపాదించుకున్నది ఆ ఒక్క పిల్లి.

అయినా కోడలు వెంటనే ఓటమి ఒప్పుకోలేదు. ఒక్క పరీక్ష మిగిలి ఉంది. ఇప్పుడు ముసలావిడకి కొట్టుంది, పనుంది, పిల్లి ఉంది. ఎవరూ ముట్టుకోకుండా వదిలేస్తే తనంతట తను కొట్టుకి వెళ్తుందేమో. అలా వెళ్తే సమీక్షలో సగమైనా నిలుస్తుంది. మౌస్ తీసి వాషింగ్ మెషీన్ మీద పెట్టేసింది. ముగ్గురూ చేతులు కట్టుకుని చూశారు.

తెర మీద తెల్లవారింది. ముసలావిడ నిద్ర లేచింది. పళ్ళు తోముకుంది. వాకిట్లోకి వచ్చి వీధి మలుపు వైపు తిరిగింది.

"అదిగో, బయల్దేరింది" అన్నాడు మామగారు, కప్పు కిందపెడుతూ.

ముసలావిడ వీధి మలుపు కేసి కాసేపు చూసింది. వెనక్కి తిరిగింది. లోపలికి వచ్చి కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుంది.

"మొహం కడుక్కోవడం మర్చిపోయిందేమో. లేస్తుంది చూడండి" అన్నాడాయన. ముసలావిడ లేవలేదు. ఒక పిట్ట వచ్చింది. చూసింది. ఇంకో పిట్ట వచ్చింది. దాన్నీ చూసింది. కొట్టు ముందు ఎవరో విరిగిన స్టూలు పట్టుకుని వచ్చి, తలుపు కొట్టి, కొట్టి, వెళ్ళిపోయారు. మామగారు లే, లే అని గొణుగుతున్నాడు. అత్తగారి వేళ్ళు ఒళ్ళోనే కదులుతున్నాయి, గాల్లో ఏదో నొక్కుతున్నట్టు. అలా ముగ్గురు మనుషులు, బొంతలో చుట్టినట్టు ఉక్కగా ఉన్న ఆ ఇరుకు గదిలో, ఏమీ చేయని ఒక ముసలావిడని ఊపిరి బిగబట్టి చూస్తూ ఉండిపోయారు. తెర మీద చీకటి పడింది. ముసలావిడ వెళ్ళి పడుకుంది.

కోడలు మౌస్ అందుకుని అత్తగారి చేతిలో పెట్టి, కొట్టు తీయమని మొట్టమొదట ఎక్కడ కనిపించిందో చూపించమంది. అత్తగారు ముసలావిడ మీద నొక్కింది. మామూలుగా వచ్చే మూడు పనులే వచ్చాయి. కూర్చో, సలహా ఇవ్వు, పిట్టల్ని చూడు. ఆ మూడూ కోడలికి కంఠతా వచ్చు. వాటి అడుగున, గోరు చివరంత బాణం గుర్తు ఒకటి ఉంది. అత్తగారు దాని మీద నొక్కింది. పనుల పట్టిక కిందికి దిగి, దిగి, తెర దాటి పోయింది. కొట్టు తెరువు, పాతవి బాగుచేయి, ఈత నేర్చుకో, మాట తప్పిన చుట్టంతో పోట్లాడు, వేరే ఇంట్లో ఉండు...

"నువ్వు చూడలేదా?" అంది అత్తగారు. ఎత్తిపొడవడానికి కాదు, నిజంగానే ఆశ్చర్యపోయి అడిగింది.

చూడలేదు. తెర మీది తనకీ భర్తకీ అయితే ఆ బాణం నొక్కింది, కింద ఇంకా ఏమేం ఉన్నాయా అని ఎన్నోసార్లు చూసింది. ముసలావిడ దగ్గరికి వచ్చేసరికి ఆ మూడు పనులూ చాలనిపించింది. ఎందుకు చాలనిపించిందో ఆలోచించే తీరిక ఇప్పుడు లేదు. సాయంత్రానికి పత్రిక అచ్చుకి వెళ్ళిపోతుంది.

మనకెందుకు, ఎవరికి తెలుస్తుంది అని సలహా చెప్పింది అత్తగారే. తను నోరెత్తదు. అబ్బాయి డ్యూటీ నుంచి రాగానే వాడితో మొదలుపెట్టి ఊరంతా టముకు వేసేది మామగారొక్కరే, ఆయనకి మంచం మీద ఒట్టు వేయిస్తే సరి. పేజీ నీ చేతికొస్తుంది, పళ్ళవాడి పీడ వదులుతుంది, నువ్వు హాయిగా ఇంటిపట్టున ఉంటావు అంది. కోడలికి ఒక్క నిమిషం నిజంగానే అలా చేసేద్దామనిపించింది. పేజీ మీద తన పేరు కూడా కనిపించింది కళ్ళ ముందు.

"కొనుక్కున్నవాళ్ళు ఇందాక మనం కూర్చున్నట్టే కూర్చుంటారు అత్తయ్యా" అంది. "ఆవిడ లేస్తుందని నేను రాశాను గదా అని."

ఫోను తీసుకుని వరండాలోకి వెళ్ళింది.

సంపాదకురాలు ఎప్పుడు ఫోను తీసినా ఏదో నములుతూనే మాట్లాడుతుంది. కోడలు చెప్పేది వింటున్నకొద్దీ ఆ నమలడం నెమ్మదించి, చివరికి ఆగిపోయింది. ఈ వారం పేజీ కూర్చేశామంది. 'మనం చూడనప్పుడే బతుకుతారు' అన్న వాక్యమే శీర్షిక అంది, అది తనకి తెగ నచ్చిందంది. ఫోన్ల గురించి రాసే ఆయన ఆ పేజీ మీద ఎప్పటి నుంచో కన్నేసి ఉన్నాడన్న సంగతి కూడా, పనిలో పనిగా, చెవిన వేసింది. కోడలు అన్నీ విని, అయినా సరే అది అబద్ధం, వేయొద్దు అంది.

"కవరు పేజీ అచ్చుకి వెళ్ళేలోపు కొత్తది రావాలి" అంది సంపాదకురాలు. "అది బాలేకపోతే ఆ జాగాలో ఛార్జర్ల మీద వ్యాసం వేస్తాను. పేజీ సంగతి ఆ తర్వాత మాట్లాడుకుందాం."

కోడలు తిరిగొచ్చి కీబోర్డు ముందు కూర్చుంది. పాత సమీక్ష మొత్తం చెరిపేసింది, పిల్లిని తప్ప. రాయాల్సిన ప్రశ్న మాత్రం మారలేదు. మళ్ళీ ఆడాలనిపిస్తుందా? దానికి తన దగ్గర జవాబు లేదు. తను ఎన్నిసార్లు ఆడినా ఆడింది ఒక్క ఆటే. ఇంట్లో జవాబు తెలిసిన మనిషి ఒక్కరే ఉన్నారు, ఆవిడ వాషింగ్ మెషీన్ లోంచి తడి బట్టలు తీస్తోంది.

మొత్తం ఎన్నిసార్లు ఆడారని అడిగితే, నువ్వు ఆడేది కాక, వేరేగా మొదట్నుంచీ మూడుసార్లు అంది అత్తగారు, బట్టలు దులుపుతూ. మొదటిసారి కొట్టు మూతపడింది. వచ్చిన ప్రతివాళ్ళకీ మీరు కుర్చీలో సరిగ్గా కూర్చోవడం లేదు, అందుకే చిరుగుతోంది అని చెప్పి పంపించేసిందట. రెండోసారి ముందు జాగ్రత్తగా మామగారిని గల్లా దగ్గర కూర్చోబెట్టింది. ఆయన వచ్చినవాళ్ళందరికీ కబుర్లు చెప్పాడు. జనం వచ్చేవారు, టీ తాగేవారు, ఒక్కరూ కుర్చీ తెచ్చేవారు కాదు. తడిబట్టల బుట్ట అందుకుంటున్న మామగారు, జనం వచ్చారు గదా అన్నాడు.

"మూడోసారో?" అంది కోడలు, టైపు చేస్తూనే.

అత్తగారు ఒక దిండు గలేబు తీసుకుని, ఉన్న ముడతలు చాలనట్టు దాన్ని దులిపి, మళ్ళీ దులిపింది.

మూడోసారి వేరే ఇంట్లో ఉండు అన్నది నొక్కిందట. కొట్టు మీద ఒక గది ఉంది. ముసలావిడ అందులోకి మారిపోయింది. ఏమవుతుందో చూద్దామని. పని బాగా సాగింది. పక్క వీధుల నుంచి కూడా సోఫాలు వచ్చాయి. సాయంత్రమయ్యేసరికి ముసలాయన ఉన్న నాలుగు వెంట్రుకలూ దువ్వుకుని, చొక్కా మార్చుకుని వచ్చి తలుపు కొట్టేవాడు. నేను నొక్కలేదు, ఆయనంతట ఆయనే వచ్చేవాడు అంది అత్తగారు. ఇద్దరూ మెట్ల మీద కూర్చునేవారు. పక్కన పిల్లి.

"ఇంట్లో ఉన్నన్నాళ్ళూ ఆ మనిషి తల దువ్వుకోగా నేను చూడలేదమ్మా."

మామగారు బుట్ట పట్టుకుని మేడమెట్లు ఎక్కుతున్న చప్పుడు మాత్రం వినిపించింది.

కోడలు ఉన్నది ఉన్నట్టు రాసింది. ఈ ప్యాక్‌లో పెద్దవాళ్ళు తమంతట తాము కుర్చీలోంచి లేవరు, వాళ్ళని అడగాలి, ఒకరు కదిలితేనే ఇంకొకరు కదులుతారు అని రాసింది. ఏం అడగొచ్చో ఆట తయారుచేసినవాళ్ళు గోరంత బాణం కింద దాచారు, అది వాళ్ళ తప్పు. దాన్ని నొక్కి చూడాలని నాకు తోచలేదు, అది నా తప్పు అని రాసింది. "మా ఇంట్లో ఒకావిడ దీన్ని మూడుసార్లు ఆడారు. మూడు వేరువేరు బతుకులు చూశారు. నాలుగోది కూడా ఉందని ఆవిడ నమ్మకం. మళ్ళీ ఆడాలనిపిస్తుందా అంటే, మీరు ఎవరిని కుర్చీలో కూర్చోబెట్టి మర్చిపోయారో ముందు చూసుకోండి" అని ముగించి, ఏడు మార్కులు వేసింది. ఏడే ఎందుకని అత్తగారు భుజం మీంచి తొంగి చూసి అడిగింది. బాణం మరీ చిన్నదిగా ఉన్నందుకు ఒకటి, మంచం లేకపోతే కనీసం కుర్చీలోనైనా పడుకోవాలని మామగారికి తోచనందుకు రెండు తీసేశానంది కోడలు.

పంపించాక టీ పెట్టుకుని, తాగడం మర్చిపోయి, ఫోను ముందు పెట్టుకుని కూర్చుంది. టీ మీద మీగడ కట్టింది. ఛార్జర్ల మీద వ్యాసం ఎంత పొడుగుంటుందో ఊహించుకుంటుండగా ఫోను మోగింది.

సంపాదకురాలు మళ్ళీ నములుతోంది. ఆ చప్పుడు వినగానే కోడలికి సగం ప్రాణం తిరిగొచ్చింది. వ్యాసం వేస్తున్నానంది. శీర్షిక మార్చాల్సి వచ్చినందుకు నాలుగు చీవాట్లు పెట్టింది. పేజీ నీదే, కాకపోతే ఒక షరతు అంది.

"ఆ మంచం తీసేసినావిడ ఎవరో, ప్రతి వారం ఆవిడ కూడా ఆడాలి. నువ్వొకసారి, ఆవిడొకసారి. ఇద్దరి మాటా పక్కపక్కన వేస్తాను. ఒక్కదానివే అయితే నాకొద్దు."

కోడలు పెట్టేసిన ఫోనుని గుండెకి హత్తుకుని కాసేపు అలాగే ఉండిపోయింది. తర్వాత ఒక్క పరుగున వంటింట్లోకి వెళ్ళి, అత్తగారి రెండు చేతులూ పట్టుకుని, విషయమంతా గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది. మధ్యాహ్నాలు కలిసి ఆడదాం, మీకు వేరే కుర్చీ వేస్తాను, కావాలంటే దానికి మీ ఇష్టం వచ్చిన కవరు వేసుకోండి అంది. పళ్ళ డాక్టరుకి చెప్పాల్సిన మాటలు కూడా మనసులో సిద్ధం చేసేసుకుంది.

అత్తగారు నవ్వింది. చేతులు మాత్రం మెల్లగా విడిపించుకుంది.

"నాకు తీరిక ఉండదమ్మా."

"ఏం పనుంటుంది అత్తయ్యా మీకు?" అని అడగడం పూర్తి కాకుండానే, ఇందాక ఆ బాణం దగ్గర ఏం జరిగిందో గుర్తొచ్చి కోడలు నాలిక కరుచుకుంది.

అత్తగారు బఠాణీల గిన్నె పక్కకి జరిపింది. గోడకి తగిలించి ఉన్న తన చేతిసంచీ తీసి, లోపల వెతికి, ఒక తాళంచెవి బల్ల మీద పెట్టింది. కొత్తది కాదు. పాతబడి, నలుపెక్కి, చివర ఎర్ర రిబ్బను కట్టి ఉంది. మన వీధి చివర గడియారాలవాడు ఖాళీ చేసిన కొట్టు తెలుసా అంది. నిన్న తీసుకున్నాను అంది. ఎల్లుండి నుంచి తెరుస్తున్నాను అంది. కంప్యూటర్లో మూడుసార్లు చూసుకున్నాక ఇంక ఆగబుద్ధి కాలేదు, ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, ముందుగా నీకే చెప్తున్నాను, మీ మామగారికి ఎలా చెప్పాలో నువ్వే ఆలోచించు అంది.

కోడలు ఆ తాళంచెవి కేసి చూసింది. అత్తగారు కొట్టు తెరిస్తే మధ్యాహ్నాలు పోతాయి, మధ్యాహ్నాలు పోతే పేజీ పోతుంది.

మేడ మీద బట్టలు ఆరేసి దిగి వచ్చిన మామగారు ఎంతసేపటి నుంచి గుమ్మంలో ఉన్నాడో ఇద్దరూ చూసుకోలేదు. ఖాళీ బుట్ట చంకలో ఉంది. ఆయన వాళ్ళిద్దరి వైపూ చూడలేదు. బల్ల మీదున్న ఎర్ర రిబ్బను వైపే చూస్తున్నాడు.

"ఆ గడియారాల కొట్టు మీద" అన్నాడు నెమ్మదిగా, "గది ఉందా?"

అత్తగారు తాళంచెవి అందుకుని, ఎర్ర రిబ్బను వేలికి చుట్టుకోవడం మొదలుపెట్టింది.